మార్జరీ ఓడ, మూడు మంటలు

హోబార్ట్ రేవు,
1871 మార్చి 28

తబితకి,

అన్నయ్య రాస్తున్నాడంటే బతికే ఉన్నాడన్నమాట. మోకాళ్లు తప్ప మిగతా సరుకంతా పనిచేస్తోంది. సైలస్ బావ కడుపు ఎలా ఉంది? ఎప్పటిలాగే ఆముదం సీసా ఒకటి పంపుతున్నాను. పడుకునే ముందు రెండు చెంచాలు తాగించు. అంత జబ్బు చేసి లేచిన కడుపుని పదమూడేళ్లు కాదు, ముప్ఫై ఏళ్లయినా నమ్మకూడదు.

ఇక అసలు సంగతి. మన మార్జరీని అమ్మేస్తారట.

సర్కారు ఒక ఆవిరి ఓడ కొంది. మార్జరీకి ముప్ఫై ఒకటి నిండాయి, ముసలిదైంది కాబట్టి తెరచాప కొయ్యలు రెండూ పీకేసి, మొండెం చేసి, రేవులో బొగ్గు పోసుకునే తొట్టిగా ఒక వర్తకుడికి ఇచ్చేస్తారట. రేవు గుమాస్తా నవ్వుతూ చెప్పాడు ఈ మాట. "ఏం తాతా, నీకూ దానికీ ఒకేసారి విశ్రాంతి" అన్నాడు.

"నువ్వు ఉయ్యాల్లో పక్క తడుపుతున్న రోజుల్లో ఆ ఓడ తుఫానులో గవర్నరుని మోసింది రా" అన్నాను.

"గవర్నరు కూడా పక్క తడిపాడని విన్నానే" అన్నాడు వాడు. అది నిజమే గనక ఊరుకున్నాను.

ఆఖరి మాట చెప్పడానికి ఐదుగురు పెద్దమనుషుల కమిటీ వేశారు. నవంబరు ఇరవైన కూర్చుంటారు. నేను వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర నిలబడితే, "ఓడ చరిత్ర రాసుకురా, వింటాం" అన్నారు. నన్ను వదిలించుకోవడానికే అన్నారని నాకు తెలుసు. అన్న మాట అన్న మాటే కదా. రాస్తున్నాను.

నా చదువు సంగతి నీకు తెలియనిదేముంది? తెరచాప గుడ్డ మూటల మీద ముద్రలు చూసి నేర్చుకున్న అక్షరాలు. "నాలుగో నంబరు గుడ్డ, తడవనివ్వరాదు" అని కళ్లు మూసుకుని రాస్తాను. మిగతా మాటల దగ్గరే తడుముకుంటాను. అయినా పద్దెనిమిది పేజీలయ్యాయి. ఖైదీలు కట్టిన ఓడ కదా, మేస్త్రీ తాళాలు పగలగొట్టడంలో ఆరితేరినవాడు, అందుకే దాని తలుపులు ఈనాటికీ గట్టిగా పడతాయి, అక్కణ్ణించి మొదలెట్టాను. తర్వాత జడ్జిగారి ప్రయాణం. ఓడలో ఉన్నది ఒకటే గది. జడ్జిగారూ, ఆయన ఉరిశిక్ష వేసిన గొర్రెల దొంగా అందులోనే. మూడు రోజులు ఇద్దరికీ ఒకటే వాంతి బకెట్టు. దిగేటప్పటికి జడ్జిగారు శిక్ష తగ్గించేశారు. బిషప్పుగారి ప్రసంగాన్ని మేక తినేసిన కథ కూడా వేశాను. అది భక్తికి అడ్డొస్తుందేమో చూడాలి.

కానీ వీటికన్నిటికీ పైన కిరీటంలాంటిది మీ కథ. ఈ తీరంలో చంటిపిల్లలకి కూడా తెలిసిన కట్టుబాటు: దీవి కొండ మీద ఒక మంట కనిపిస్తే క్షేమం, రెండు కనిపిస్తే తిండి అయిపోయింది, మూడు కనిపిస్తే ప్రాణం మీదికొచ్చింది. యాభై ఎనిమిది ఏప్రిల్‌లో మీ కొండ మీద మూడు మంటలు లేవడం, ఎదుటి ఒడ్డున లంగరేసి ఉన్న మార్జరీ డాక్టర్ ఫెల్‌ని ఎక్కించుకుని ఎదురుగాలిలో పద్నాలుగు గంటలు కొట్టుకుని రావడం, బావ ప్రాణం దక్కడం. నేను ఓడలోనే ఉన్నాను గానీ, చిరిగిన తెరచాప కుడుతూ కూర్చుని ఒడ్డు దిగలేదు. ఒడ్డు మీద జరిగింది నీ చేత్తో రాసి పంపు. సాక్ష్యం ఉంటేనే చరిత్ర, లేకపోతే అది సారాకొట్టు కబురు.

మీ అన్నయ్య,
జేబెజ్ టిల్లీ

---

పెడ్లర్ దీవి దీపస్తంభం,
ఏప్రిల్ 9

అన్నయ్యకి,

దీపం నూనె పీపాలు దించుతున్నారు. మొత్తం ఇరవై. ఇరవయ్యోది కొండెక్కేలోగా ఈ ఉత్తరం పడవలో ఉండాలి, లేకపోతే మళ్లీ మూడు నెలలు. ఇప్పుడు నాలుగోది.

మార్జరీ సంగతి రెండుసార్లు చదివాను. ఆ ఓడ తప్ప మాకు మనిషి ముఖం చూపించేవాళ్లెవరు?

కానీ అన్నయ్యా, మూడు మంటల కథ వద్దు. మేక కథ రాయి. మేక కథ చాలా బాగుంటుంది. జడ్జిగారి బకెట్టు మరీ బాగుంటుంది. ఆ ఏప్రిల్ సంగతి ఎత్తితే మీ బావకి ఇష్టం ఉండదు. ఎందుకని అడక్కు. పదకొండోది.

ఆముదం అందింది. ఇంట్లో ఇరవై ఆరు సీసాలున్నాయి. ఇక పంపకు.

బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. నిజానికి ఏమీ అనలేదు, తలూపాడు. పదిహేను. మూడో నంబరు సూదులు, నల్లదారం పంపు. పద్దెనిమి

తబిత

---

హోబార్ట్ రేవు,
జులై 2

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయి. మీ ఆయన ఎంత గొప్పవాడే! చావు అంచు దాకా వెళ్లొచ్చి, ఆ మాట ఎత్తొద్దంటాడా! ఇక్కడి పెద్దమనుషులు కాలి మీద ఆనె లేస్తే పేపర్లో వేయించుకుంటున్నారు. అంత అణకువ ఉన్నవాడి గురించి రాయకపోవడమే పాపం. కాబట్టి రెండు పేజీల కథని తొమ్మిది చేశాను. ఇప్పుడు బావ మూడుసార్లు స్పృహ తప్పుతాడు. రెండోసారి తప్పినప్పుడు నీకు దీపం సంగతి అప్పగిస్తాడు. ఆ ముక్క రేవు సారాకొట్టులో చదివితే, ఉప్పు చేపలమ్మే ముసలాడు టోపీతో ముఖం కప్పుకున్నాడు. నిద్రపోయాడని కొందరన్నారు. భుజాలు కదలడం నేను చూశాను.

ఇంకో శుభవార్త. కమిటీలో డాక్టర్ ఫెల్ కూడా ఉన్నాడు! వెళ్లి కలిశాను. "ఆ కేసు మరిచిపోతానా! పేగు వాపు. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు. ఆ ఒక్క కేసుతోనే ఆయనకి ఇంత పేరొచ్చిందట, పదమూడేళ్లుగా ప్రతి విందులోనూ అదే చెబుతున్నాడట. ఐదింట ఒక ఓటు మనదే. ఆయనే అన్నాడు, "ఆ సైలస్ గారడ్‌ని స్వయంగా తీసుకొచ్చి కమిటీ ముందు నిలబెట్టండి, ఓడ దక్కుతుంది" అని. అక్టోబరులో మార్జరీ వచ్చినప్పుడు బావని ఎక్కించి పంపు.

అణకువ గలవాళ్ల కడుపు మెత్తగా ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆముదం రెండు సీసాలు పంపుతున్నాను.

జేబెజ్

---

పెడ్లర్ దీవి,
జులై 13

అన్నయ్యా,

ఈసారి పదహారు పీపాలే. తొందరగా చెబుతాను, కూర్చుని చదువు.

మీ బావకి ఏ జబ్బూ లేదు.

ఏప్రిల్ అంటే కొవ్వుపిట్టల కాలం కదా, గూళ్లలో ఆ సముద్రపు పిట్టల పిల్లలు కొవ్వెక్కి ఉంటాయి. పక్క దీవి ఆడవాళ్లు నేర్పిన పద్ధతిలో ఆ రోజు నేను కొండ మీద ఒక పొయ్యి మీద పిట్టల కొవ్వు కరిగిస్తున్నాను. ఒక పొయ్యి మీద సబ్బు కాస్తున్నాను. ఇంకోచోట పిట్టలకి పొగ పెట్టాను. అప్పటికి ఈ దీవికొచ్చి నాలుగు నెలలే. కట్టుబాటు తెలుసు. పని సందట్లో మంటల లెక్క మరిచాను. నాలుగోది.

మర్నాడు తెల్లారేసరికి కింద అలల్లో పడవ! పదకొండు మంది తడిసి ముద్దయి, చేతులు నెత్తురోడుతూ, ముందు కెప్టెను, వెనక సంచీ నెత్తిన పెట్టుకుని డాక్టరు. "ఎక్కడమ్మా రోగి?" అని అరుస్తున్నారు. అన్నయ్యా, నువ్వైతే ఏం చెబుతావు? సబ్బు కాచుకుంటున్నానండీ అని చెబుతావా? నేను ఇంట్లోకి పరిగెత్తి, నిద్రపోతున్న మనిషి చెవిలో "కదలకు, మూలుగు" అన్నాను. ముందు రాత్రి పన్నెండు పిట్టలు తిని ఉన్నాడు కాబట్టి ఆ మూలుగు సగం నిజమే. తొమ్మిది.

డాక్టరు ఆముదం పోశాడు. కడుపు మీద ఆవాల పట్టు వేసి బొబ్బలెక్కించాడు. కడుపులోని విషానికి మూలం పంటిలో ఉందని ఒక మంచి పన్ను పీకాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ మీ బావ నన్ను ఆరుబయట రెండో పొయ్యి వెలిగించనివ్వలేదు. పదమూడేళ్లుగా బట్టలు ఉడకబెట్టాలంటే వంట ఆర్పుకుంటున్నాను. నువ్వు పంపే ఆముదం తలుపు కీళ్లకి పోస్తున్నాం. ఈ దీవిలో ఒక్క తలుపూ కిర్రుమనదు.

ఇది చదివి పొయ్యిలో వెయ్యి. ఒక్క పొయ్యిలోనే.

తబిత

---

హోబార్ట్ రేవు,
అక్టోబరు 1

తబితా,

మొదటి నెల నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. రెండో నెల తిట్టి రాయాలనుకున్నాను. తిట్లకి నాకు అక్షరాలు చాలలేదు.

నా కుడి బొటనవేలు వంకర ఎందుకో తెలుసా? ఆ పద్నాలుగు గంటల్లో పై తెరచాప మూడుసార్లు చిరిగింది. మంచులాంటి నీళ్లు మీద పడుతుంటే మూడుసార్లూ కుట్టాను. సూది వేలిలో విరిగింది. "బావ కోసం" అనుకుంటూ కుట్టాను. సబ్బు కోసమని తెలిస్తే కనీసం తొందరపడకుండా కుట్టేవాణ్ణి.

పోనీ. కోపం తగ్గాక మార్జరీ దగ్గరికెళ్లి గట్టు మీద కూర్చున్నాను. దానికి ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే దానికి ఒరిగేదేముంది? మంటలు మూడున్నాయి, అది వచ్చింది. మంట మీద ఏ కుండ ఉందో చూడటం ఓడ పని కాదు కదా.

అందుకని, చరిత్ర మార్చను. బావని పంపు. ఏమీ మాట్లాడక్కర్లేదు, కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడితే చాలు. మిగతాది డాక్టరే చెప్పుకుంటాడు.

ఇంకొకటి. నవంబరు పద్నాలుగున ఆవిరి ఓడని నడిపి చూస్తారు. అధ్యక్షుడు తప్ప కమిటీవాళ్లంతా అందులో భోంచేస్తూ మీ దీవి పక్కగా చుట్టి వస్తారట. కోళ్లు, ద్రాక్షసారా, బ్యాండు మేళం కూడానట. ఆ పొగ మీ ఉతికిన బట్టల మీద పడుతుంది, చూసుకో.

జేబెజ్

---

పెడ్లర్ దీవి,
అక్టోబరు 11

అన్నయ్యా,

మనిషిని పంపుతున్నాను. ఉన్నిచొక్కా తడిస్తే విప్పించు. దీపం నేను చూసుకుంటాను, పదమూడేళ్లుగా సగం నేను చూస్తున్నదే.

నిజం చెప్పొద్దని చెప్పాను. తలూపాడు. మీ బావ తలూపితే ఒప్పుకున్నట్టు కాదని కాపురానికొచ్చిన ఏడాదే తెలిసింది. నా పూచీ లేదు.

పద్నాలుగో తారీకే కదూ, ఆవిరి ఓడ?

తబిత

---

హోబార్ట్ రేవు,
నవంబరు 26

తబితా,

ఓడ పోయింది. ముందే చెప్పేస్తున్నాను, ఆఖరిదాకా ఆశపెట్టడం నాకిష్టం లేదు.

నలభై ఒక్క పేజీలు చదివాను. ఇద్దరు నిద్రపోయారు, మేక దగ్గర లేచారు. మూడు మంటల దగ్గరికొచ్చేసరికి అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. డాక్టర్ ఫెల్ గొలుసు గడియారం తిప్పుకుంటూ కిటికీ వైపు చూస్తున్నాడు, తనని చిత్తరువు గీస్తున్నట్టు. అధ్యక్షుడు బావని పిలిచాడు.

"మిస్టర్ గారడ్, ఆ రోజు మీకొచ్చిన జబ్బేమిటి?"

"సబ్బండీ."

"ఏమిటి?"

"మా ఆవిడ సబ్బు కాచింది. ఒక మంట. కొవ్వు కరిగించింది. రెండు. పిట్టలకి పొగ పెట్టింది. మూడు. నేను పిట్టలు తిన్నాను. పన్నెండు."

నేను బల్ల కింద కాలితో తన్నాను. బల్ల కాలికి తగిలింది. బావ ఆగలేదు. "డాక్టరుగారు నా పన్ను పీకారు. అది మంచి పన్నే" అని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు! ఆ పన్ను పదమూడేళ్లుగా దాచుకున్నాడని నాతో ఒక్క మాటైనా చెప్పావా?

అధ్యక్షుడు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. డాక్టరు ముఖం ఉడికిన పీతలా అయింది. "అయితే ఇంకేం చెప్పదలచుకున్నారు?" అని కమిటీలో ఒకాయన బావని అడిగాడు.

"ఓడ మాత్రం వచ్చిందండీ" అని కూర్చున్నాడు.

నా నలభై ఒక్క పేజీలకన్నా ఆ ముక్కే బాగుందని నాకప్పుడే అనిపించింది. కానీ ఓట్లు వేరు. మూడు, రెండు. ఆ మూడోది ఫెల్‌ది. ఫిబ్రవరిలో కొయ్యలు పీకుతారు. బావని దించడానికి వస్తున్న ఈ ప్రయాణం, ఆ తర్వాత ఇంకొక్కటి, అంతే.

నాకు ఇంకో బాధ కూడా ఉంది, దాచుకోను. ఆవిరి ఓడలో వెళ్లొచ్చిన పెద్దమనుషులు ఊరంతా చెబుతున్నారు: మీ దీవి దగ్గర ఒక ఆడమనిషి బండరాయి మీద నిలబడి, వాళ్ల ఓడని చూసి సంబరం పట్టలేక, ఏప్రన్ ఊపుతూ గంతులేసిందట. ఆ దీవిలో ఆడమనిషివి నువ్వొక్కదానివే. మార్జరీని బొగ్గులపాలు చేసేదాన్ని చూసి గంతులేస్తావా, తబితా? మన అమ్మ కడుపున పుట్టినదానివి కాదటే?

ఈసారి ఆముదం పంపడం లేదు. కోపంతో.

జేబెజ్ టిల్లీ

---

పెడ్లర్ దీవి,
డిసెంబరు 5

అన్నయ్యా,

నేను గంతులెయ్యలేదు. రమ్మని పిలిచాను.

ఆయన లేడు కదా, అడ్డు చెప్పేవాడు లేడు కదా అని, ఆ రోజు పదమూడేళ్ల కరువు తీరేలా పని పెట్టుకున్నాను. ఒక పొయ్యి మీద సబ్బు, ఒక పొయ్యి మీద పిట్టల కొవ్వు, ఒక పొయ్యి మీద సీమదానిమ్మ పళ్ల మురబ్బా. మూడు మంటలు. ఇంతలో పొగ కక్కుకుంటూ ఆ ఓడ. అర మైలు దూరం కూడా లేదు. డెక్కు మీద బల్లలు, తెల్ల దుప్పట్లు. అయ్యో, లెక్క చూసి కంగారుపడి వచ్చేస్తారేమో అని మొదట భయపడ్డాను. వాళ్లు వచ్చేలా లేరు. అప్పుడు ఒళ్లు మండింది. చూద్దాం అని బండ ఎక్కి ఏప్రన్ ఊపాను, అరిచాను. పెద్దమనుషులు లేచి నిలబడి టోపీలు తీసి ఊపారు. ఆ డాక్టరుని గుర్తుపట్టాను, ఒక చేతిలో టోపీ, ఒక చేతిలో కోడికాలు. ఓడ ఈల వేసింది. బ్యాండు ఇంకో పాట ఎత్తుకుంది. వెళ్లిపోయింది.

నిజంగా ప్రాణం మీదికొచ్చి ఉంటే, అన్నయ్యా?

దాటిపోయే ప్రతి ఓడనీ దీపస్తంభం పుస్తకంలో రాయాలని సర్కారు ఉత్తర్వు. రాశాను. ఆ పేజీకి నకలు తీసి, మీ బావ చేత ముద్ర వేయించి ఇందులో పెడుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం. పంతొమ్మిదో పీపా. నువ్వు నన్నన్న మాట మర్చిపోను, ఇరవ

తబిత

---

హోబార్ట్ రేవు,
1872 జనవరి 20

నా బంగారు చెల్లీ,

ముందు క్షమాపణ. బొటనవేలు వంకరైనవాడి క్షమాపణ కాబట్టి అక్షరాలు కూడా వంకరే.

ఆ కాగితం టోపీలో పెట్టుకుని అధ్యక్షుడి దగ్గరికెళ్లాను. "మళ్లీ నువ్వా? ఈసారి ఎన్ని పేజీలు?" అన్నాడు. "ఒకటే దొరా, అదీ సర్కారుదే" అన్నాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. కమిటీని మళ్లీ పిలిపించి, అందరి ముందూ పైకి చదివాడు:

"నవంబరు 14. పగలు ఒంటిగంట. గాలి పడమర, నెమ్మది. కొండ మీద మూడు మంటలు. ఆవిరి ఓడ అర మైలు లోపు దాటింది. ఈల వేసింది. ఆగలేదు."

"డాక్టర్ ఫెల్, మీరు డెక్కు మీదే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"మంటలు చూశారా?"

"చూశాను. రెండే అనుకున్నాను."

"రెండైతే తిండి అయిపోయినట్టు. మీరేం చేశారు?"

"టోపీ తీశాను" అన్నాడు డాక్టరు.

ఆవిరి ఓడ కెప్టెనుని పిలిచి అడిగితే, పోను రాను సరిపడా బొగ్గే వేసుకున్నాం, ఆగితే మళ్లీ ఆవిరి పుట్టడానికి ఆలస్యమయ్యేది, పైగా పాయసం ఇంకా వడ్డించలేదు అన్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు తీసి, "ఒక ఓడ సబ్బు కోసం తుఫానులో పద్నాలుగు గంటలు కొట్టుకుని వెళ్లింది. ఇంకో ఓడ ఎండ కాస్తుండగా అర మైలు తిరగలేకపోయింది. దీవుల్లో ఉన్నవాళ్లు మనవాళ్లేనా కాదా?" అన్నాడు. ఓట్లు ఐదుకి ఐదు. ఫెల్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది, ఆ సంగతి ఇంకెవరూ ఎత్తకుండా ఉంటే చాలని.

గవర్నరు షికార్లకి ఆవిరి ఓడ. దీపస్తంభాలకి మార్జరీ, తేలినంత కాలం. కొయ్యలు ఎక్కడివక్కడే. కొత్త తెరచాపలకి గుడ్డ కూడా ఇచ్చారు, నాలుగో నంబరు. ఈ వంకర వేలితోనే కుడుతున్నాను. దాంతోపాటు ఒక అచ్చు నోటీసు కూడా వస్తుంది మీకు: ఇకమీదట దీవుల్లో సబ్బు కాచేవారు కొండకి వెనక వైపున కాచుకోవలెను. దాన్ని గోడకి అంటించు, బావ మురిసిపోతాడు.

ఒక్క అనుమానం మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. కమిటీవాళ్లు పట్నం మనుషులు, వాళ్లకి తట్టలేదు. నాకు తట్టింది. కొవ్వుపిట్టలు ఏప్రిల్‌లో కదా? నవంబరు పద్నాలుగుకి అవి ఇంకా గుడ్లు కూడా పెట్టవు. సీమదానిమ్మలు ఆ నెలలో చెట్టు మీద వేలి కణుపంతైనా ఉండవు. సబ్బు సరే, ఎప్పుడైనా కాచుకోవచ్చు. ఆ రెండో పొయ్యి మీదా మూడో పొయ్యి మీదా ఏముందే, చెల్లీ? చరిత్రలో రాయనులే. ఊరికే తెలుసుకుందామని.

కోపం పోయింది గనక ఆముదం మూడు సీసాలు పంపుతున్నాను.

మీ అన్నయ్య,
జేబెజ్

---

పెడ్లర్ దీవి,
ఫిబ్రవరి 2

అన్నయ్యకి,

పీపాలు పన్నెండే. ఆరోది వస్తోంది.

మార్జరీ మలుపు తిరిగి కనిపించగానే మీ బావ కొండ దిగి ఒడ్డుకెళ్లాడు. కొయ్యలు లెక్కపెట్టాడు. "రెండూ ఉన్నాయి" అన్నాడు. ఈ నెలలో ఆయన మాట్లాడింది అదే.

నోటీసు గోడకి అంటించాను. ఆముదం తలుపులకి సరిపోయింది, కిటికీలకి కూడా.

నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు రాసేంత తీరిక లేదు. తొమ్మిదోది. ఈసారి ఓడ వచ్చేటప్పుడు ఆముదం మానేసి సబ్బు పంపు అన్నయ్యా, పెద్ద బిళ్లలు అరడజను. పోయిన జులై నుంచి ఇంట్లో ముక్క సబ్బు లేదు, కాచుకుందామంటే కొవ్వూ లేదు.

నీ చెల్లెలు,
తబిత